జలుబుకు యాంటీబయాటిక్ అడగొద్దు: మణికొండ వాసులకు విజ్ఞప్తి

చదవండి! ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి! మరొకరికి ఇవ్వండి!

మణికొండ అక్కలారా, అన్నలారా, తల్లులారా, తండ్రులారా!

మర్రిచెట్టు కూడలి నుంచి పుప్పాలగూడ దాకా, నెక్నాంపూర్ నుంచి చిత్రపురి కాలనీ దాకా ఏ మందుల షాపు ముందైనా సాయంత్రం కాసేపు నిలబడి చూడండి.

"అన్నా, గొంతు నొస్తుంది, అజిత్రోమైసిన్ మూడు గోలీలియ్యి."
"బాబుకి పోయినసారి రాసిన సిరప్ ఇదేనండీ, ఇంకో సీసా ఇవ్వండి."
"జరం ఉంది, రేపు పనికి పోవాలె. రెండు పూటలకు ఏదన్నా ఇయ్యి."

ఇలా అడిగేవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉంటాడు, ఫ్లాట్లలో పనిచేసే అక్క ఉంటుంది, సెంట్రింగ్ పనికి వచ్చిన తమ్ముడు ఉంటాడు. చదువులు వేరు, జీతాలు వేరు. నమ్మకం మాత్రం ఒక్కటే: జ్వరమొస్తే యాంటీబయాటిక్ పడాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది.

ఆ నమ్మకం తప్పు. దాని ఖరీదు ఇప్పటికే ఆసుపత్రి మంచాల మీద ప్రాణాలతో చెల్లిస్తున్నాం. అందుకే ఈ కరపత్రం.

గోలీ వల్లే తగ్గిందా?

యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. వైరస్ మీద పనిచేయదు. సర్ది, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా వైరస్ జబ్బులు. గొంతునొప్పుల్లోనూ ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. వీటికి ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ వేసుకున్నా జ్వరం ఒక్క గంట కూడా ముందుగా దిగదు.

మరి మనకెందుకు తగ్గినట్టు అనిపిస్తుంది? మామూలు వైరల్ జ్వరం మూడు నుంచి ఐదు రోజుల్లో దానంతటదే దిగుతుంది. మనం రెండో రోజు షాపుకెళ్లి గోలీలు తెచ్చుకుంటాం. నాలుగో రోజుకు జ్వరం పోతుంది. ఒళ్లు చేసుకున్న పనికి పేరు గోలీకి వస్తుంది. వచ్చేసారి ఆ పేరే గుర్తుపెట్టుకుని అడుగుతాం. పక్కింటివాళ్లకూ చెబుతాం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ పెడతాం. తప్పుడు నమ్మకం ఊరంతా పాకేది ఇలాగే.

ఇక లోపల జరిగేది చూడండి. మన పేగుల్లో కోట్ల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి, ఎక్కువ భాగం మేలు చేసేవే. అనవసరంగా వేసుకున్న యాంటీబయాటిక్ వాటిలో బలహీనమైనవాటిని చంపుతుంది. మందుకు లొంగనివి మిగిలి, ఖాళీ అయిన చోట పెరుగుతాయి. మందును తట్టుకునే గుణాన్ని పక్కనున్న ఇతర బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. చేతుల నుంచి, నీళ్ల నుంచి, మరుగుదొడ్ల నుంచి ఇంట్లో మిగతావాళ్లకు చేరతాయి. నేను మింగిన గోలీ ప్రభావం నా ఒంటితో ఆగదు. రేపు మా అమ్మకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే, పక్కింటి పసిబిడ్డకు న్యుమోనియా వస్తే, వాళ్లకు ఏ మందు పనిచేస్తుందో ఏది చేయదో ఈరోజు నేను మింగే గోలీ కూడా కొంత నిర్ణయిస్తుంది.

పక్కనే గచ్చిబౌలిలో తేలిన నిజం

ఇదెక్కడో దూరదేశం సంగతి అనుకోవద్దు. మనకు కూతవేటు దూరంలో, గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు నాలుగు దేశాల్లో 1,200 మందికి పైగా రోగులను పరీక్షించి 2025 నవంబరులో ఫలితాలు ప్రచురించారు. వీళ్లంతా ఒక రకం ఎండోస్కోపీ చికిత్స కోసం వచ్చినవాళ్లు. చికిత్సకు ముందే వాళ్ల ఒంట్లో మొండి బ్యాక్టీరియా ఉందా అని చూశారు. నెదర్లాండ్స్ రోగుల్లో 10.8 శాతం మందిలో, అమెరికాలో 20.1 శాతం మందిలో, ఇటలీలో 31.5 శాతం మందిలో అనేక మందులకు లొంగని బ్యాక్టీరియా కనిపించింది. భారతీయ రోగుల్లో అది 83 శాతం!

ఇది ఆసుపత్రికి వచ్చిన రోగుల లెక్క, ఊళ్లో అందరి లెక్క కాదు. ఆ బ్యాక్టీరియా ఒంట్లో ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చినట్టూ కాదు. కానీ ఆపరేషన్ అయినప్పుడు, కీమోథెరపీ తీసుకుంటున్నప్పుడు, ఐసీయూలో ఉన్నప్పుడు అదే బ్యాక్టీరియా రక్తంలోకి దిగితే డాక్టర్ చేతిలో పనిచేసే మందులు కొన్నే మిగులుతాయి. వాటిలో చాలా వరకు ఖరీదైనవి, కొన్ని కిడ్నీలకు భారమైనవి.

2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది కేవలం మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లనే చనిపోయారని శాస్త్రవేత్తల అంచనా. మన దేశంలో ఆ ఏడాది ఆ సంఖ్య దాదాపు 2 లక్షల 97 వేలు.

ఇంకో హైదరాబాద్‌లో ఏం జరిగింది?

పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలోనూ హైదరాబాద్ అనే నగరం ఉంది. 2016 చివర్లో అక్కడ మందులకు లొంగని టైఫాయిడ్ మొదలైంది. ఎప్పుడూ వాడే మందులు వేసినా తగ్గలేదు. పాత మందులు పనిచేయలేదు, సిప్రోఫ్లోక్సాసిన్ పనిచేయలేదు, చివరికి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు. నోటితో వేసుకునే మందుల్లో నమ్మకంగా మిగిలింది ఒక్కటే: అజిత్రోమైసిన్. అది కూడా పోతే ఆసుపత్రిలో నరానికి ఎక్కించే మందులే గతి. ఆ రోగం వేలాది మందికి పాకింది. మురుగు కలిసిన తాగునీరు అందుకు దారి వేసింది.

ఇప్పుడు మన సంగతి. 2019లో మన దేశ ప్రైవేటు మార్కెట్‌లో యాంటీబయాటిక్‌లన్నిటిలోకీ ఎక్కువగా వాడిన మాత్ర అజిత్రోమైసిన్ 500. దాని తర్వాత సెఫిక్సిమ్ 200. సింధ్ హైదరాబాద్ పిల్లల ప్రాణం ఏ ఒక్క మాత్ర మీద నిలబడిందో, ఆ మాత్రను మనం గొంతు గరగరకు మూడు రోజులు మింగుతున్నాం.

ఆ కథలో మనం గర్వపడాల్సిన భాగం కూడా ఉంది. ఆ టైఫాయిడ్‌ను అడ్డుకోవడానికి అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాద్‌లో తయారైంది. భారత్ బయోటెక్ తయారుచేసిన ఆ టైఫాయిడ్ కాంజుగేట్ టీకాతో 2019 నవంబరులో పాకిస్తాన్ సింధ్‌లో పెద్ద కార్యక్రమం మొదలుపెట్టి, దాన్ని పిల్లల సాధారణ టీకాల్లో చేర్చిన తొలి దేశమైంది. మన ఊరి టీకా ఆ ఊరి పిల్లల్ని కాపాడింది. మన పిల్లల్లో ఎంతమందికి ఆ టీకా వేయించాం? ఆరు నెలలు నిండిన బిడ్డకు వేయించవచ్చు. ఈసారి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు తప్పక అడగండి.

చీటీ మీద చెయ్యి డాక్టర్‌ది, ఒత్తిడి మనది

"డాక్టర్లే రాస్తున్నారు కదా, మమ్మల్నెందుకు అంటారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అనవసరంగా రాసే డాక్టర్లు ఉన్నారు, వాళ్లకు చెప్పాల్సింది కింద చెబుతాం. ముందు క్లినిక్‌లో మన తీరు చూసుకుందాం.

"డాక్టర్ గారూ, సోమవారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, ఏదైనా స్ట్రాంగ్‌గా రాయండి" అంటాం. వట్టి పారాసెటమాల్ రాసి నీళ్లు బాగా తాగమంటే, ఫీజు దండగ అనుకుంటూ బయటికొస్తాం. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్‌ను మార్చేస్తాం. వెళ్తూ వెళ్తూ గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి, 'సరిగా చూడలేదు' అని రాస్తాం. సూది వేసినవాడు, సెలైన్ ఎక్కించినవాడు, ఐదు రకాల గోలీలు ఇచ్చినవాడు మంచి డాక్టరని పదిమందికి చెబుతాం.

మందు రాయని డాక్టర్‌కు రోగులు తగ్గుతారు. అడిగింది ఇవ్వని షాపు నుంచి గిరాకీ పక్క షాపుకు పోతుంది. అప్పుడు మంచి డాక్టర్ కూడా ఏదో ఒకరోజు 'సరే, ముందు జాగ్రత్తగా ఉంటుందిలే' అని రాసేస్తాడు. వైద్యం పుస్తకాల్లో ఒక రకంగా ఉండి, వీధిలో ఇంకో రకంగా మారేది ఇక్కడే. మనకు తెలిసినది, మనం నమ్మేది, మనం కోరేది చివరికి డాక్టర్ చీటీ అయి బయటికొస్తుంది.

అయితే ఇదే మన బలం కూడా. మన ఒత్తిడి వైద్యాన్ని చెడగొట్టగలిగితే, అదే ఒత్తిడి బాగుచేయగలదు. "స్ట్రాంగ్‌గా రాయండి" అనే నోటితోనే "ఇది నిజంగా అవసరమా?" అని అడుగుదాం. వేల మంది ఆ ఒక్క ప్రశ్న అడిగితే మణికొండలో వైద్యం తీరే మారుతుంది.

కేరళలో అలాంటి మార్పు మొదలైంది. 2024 జనవరిలో ఆ రాష్ట్రం 'ఆపరేషన్ అమృత్' పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మే షాపుల మీద తనిఖీలు పెట్టింది. యాంటీబయాటిక్‌లను నీలిరంగు కవర్లలో ఇచ్చే పద్ధతి తెచ్చింది. అమ్మకాలు తగ్గాయని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కేరళకు సాధ్యమైనది మనకెందుకు కాదు?

చట్టం మన వైపే ఉంది

డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మడం నేరం. కొన్ని మందుల అమ్మకాన్ని మరింత కట్టడి చేసే షెడ్యూల్ హెచ్1 అనే జాబితా 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్, లెవోఫ్లోక్సాసిన్ వంటివి అందులో ఉన్నాయి. వాటిని అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారో వేరే రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు ఉంచాలి.

స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత కనిపిస్తే, అది చీటీ మీద మాత్రమే వాడాల్సిన మందు అని అర్థం. ఇంట్లో ఉన్న మందుల డబ్బా ఈ రాత్రే తీసి చూడండి. ఎర్ర గీత ఉన్న సగం స్ట్రిప్పులు ఎన్ని మిగిలి ఉన్నాయో మీకే తెలుస్తుంది.

డాక్టర్లకు కూడా ఆదేశం ఉంది. యాంటీబయాటిక్ రాసేటప్పుడు అది ఏ కారణానికో చీటీ మీద తప్పనిసరిగా రాయాలని 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ వైద్య కళాశాలల డాక్టర్లకు లేఖ రాశారు. కారణం అడగడం మన హక్కు.

అర్హత లేకుండా క్లినిక్‌లు నడుపుతూ పెద్ద పెద్ద యాంటీబయాటిక్‌లు ఇస్తున్న చోట్ల తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ దాడులు చేసి మందులు స్వాధీనం చేసుకుంది. మీ దగ్గర అలాంటిది జరుగుతుంటే పనిదినాల్లో ఆ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800 599 6969కు ఫోన్ చేయండి.

కూలీ అన్నకు, పనిచేసే అక్కకు

ఒక్కరోజు పని పోతే ఆ రోజు కూలి పోతుంది. డాక్టర్ ఫీజు, పరీక్షల ఖర్చు తలుచుకుంటే రెండు గోలీలే చౌక అనిపిస్తుంది. మీ కష్టం మాకు తెలుసు, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ రెండు గోలీలు వేసి ఆపేస్తే అసలు జబ్బు లోపలే ఉంటుంది. దగ్గుకు కొన్ని యాంటీబయాటిక్‌లు వేసుకుంటే టీబీ కొన్నాళ్లు దాక్కుని, ఆలస్యంగా బయటపడుతుంది. ఆలోపు ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం, టీబీ మందులూ ఉచితం. బస్తీ దవాఖానల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్‌కు చూపించుకోవడం ఉచితం. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం కింద రక్తపరీక్షలకూ డబ్బు కట్టనక్కర్లేదు.

ఫ్లాట్ల యజమానులారా, మేస్త్రీలారా! పనివాళ్లకు జ్వరమొస్తే రెండు రోజులు కూలి కోయకుండా సెలవివ్వండి. ఆ రెండు రోజుల సెలవు చేసే మేలు ఏ గోలీ చేయలేదు.

"కంపెనీల కాలుష్యం సంగతేంటి?"

అదీ అడగాల్సిన ప్రశ్నే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ కనిపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది చాలా ఎక్కువ! ఆ కాలుష్యాన్ని ఆపాలని ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీయాల్సిందే. కోళ్ల ఫారాల్లో, చేపల చెరువుల్లో విచ్చలవిడి వాడకాన్నీ నిలదీయాల్సిందే. 2019లో కేంద్రం పశువుల మేతలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను నిషేధించింది కూడా శాస్త్రవేత్తల ఒత్తిడి తర్వాతే. కానీ కంపెనీ మారేదాకా మనం మారబోమని కూర్చుంటే నష్టం మన బిడ్డలకే. రెండు పోరాటాలూ కలిసే నడవాలి.

మన తెలుగువాడు ఇచ్చిన ఆస్తి

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు యువకుడిగా ఉండగా ఇద్దరు అన్నదమ్ములను జబ్బుకు పోగొట్టుకున్నారు. అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన నాయకత్వంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో అది లోకానికి అందింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. ఈనాడు స్క్రబ్ టైఫస్ జ్వరంలో ప్రాణం నిలిపే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే. ఆరియోమైసిన్ వచ్చిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు.

పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ అందుకుంటూనే హెచ్చరించారు: ఇష్టం వచ్చినట్టు అరకొరగా వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటుపడతాయని. ఆ పెద్దలు కష్టపడి కూడబెట్టిన ఆస్తిని మనం సర్దికి, దగ్గుకు ఖర్చుపెట్టేస్తున్నాం. కొత్త యాంటీబయాటిక్ ఒకటి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఉన్నవాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పని.

ఇవి చేద్దాం, ఈ రోజు నుంచే

ప్రతి ఇల్లు:
1. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనొద్దు. పాత చీటీతో, మిగిలిన గోలీలతో వైద్యం చేసుకోవద్దు. పీజీలో రూమ్మేట్‌కు, పక్కింటివాళ్లకు మీ గోలీలు ఇవ్వొద్దు.
2. డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగండి: ఇది యాంటీబయాటికా? దేనికి? ఏదైనా పరీక్ష చేశాక మొదలుపెట్టవచ్చా?
3. డాక్టర్ అవసరమని రాస్తే భయపడకుండా వాడండి. చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు. సొంతంగా మధ్యలో ఆపొద్దు. న్యుమోనియాలో, మూత్రపు ఇన్‌ఫెక్షన్‌లో, రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరినప్పుడు అది ప్రాణదాత.
4. మామూలు జ్వరానికి విశ్రాంతి, నీళ్లు, వయసుకు, బరువుకు తగిన పారాసెటమాల్. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు.
5. చేతులు సబ్బుతో కడగండి. పిల్లలకు టీకాలన్నీ వేయించండి. ప్రభుత్వ కార్యక్రమంలో న్యుమోనియా టీకా కూడా ఉచితం. రాని జబ్బుకు మందే అక్కర్లేదు.

ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు: ఆయాసం, మగత లేదా మాటల్లో తడబాటు, ఫిట్స్, ఎక్కడి నుంచైనా రక్తం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, మూత్రం తగ్గడం, పసిబిడ్డ పాలు తాగకపోవడం. మూడు రోజులు దాటినా తగ్గని జ్వరానికి కూడా డాక్టర్‌ను కలవాల్సిందే. మూడు నెలల లోపు బిడ్డకు, గర్భిణికి, కీమో తీసుకుంటున్నవారికి జ్వరమొస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

అపార్ట్‌మెంట్ సంఘాలు: వేసవిలో మనం తాగేది చాలావరకు ట్యాంకర్ల నీళ్లు, బోరు నీళ్లు. సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు క్రమం తప్పకుండా కడిగించండి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో చిన్న కిట్‌తో పరీక్షించి నోటీసు బోర్డులో పెట్టండి. టైఫాయిడ్‌ను ఆపే మొదటి మందు శుభ్రమైన నీరే.

డాక్టర్లు: మందు రాయని రోజు రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడండి. ఎందుకు రాయలేదో, ఎప్పుడు మళ్లీ రావాలో చెప్పండి. రాసిన రోజు కారణం రాయండి. వీలైన చోట కల్చర్ పరీక్ష చేయించండి. మీ వెనుక మేముంటాం.

మందుల షాపుల వాళ్లు: "చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వబడదు" అని కౌంటర్ మీద పెద్ద అక్షరాలతో పెట్టండి. అందరూ ఒకేసారి పెడితే గిరాకీ ఎటూ పోదు. అలా పెట్టిన షాపులోనే కొంటామని ఈ కరపత్రం చదివిన ప్రతి ఇల్లూ మాటివ్వాలి.

ఐటీ ఆఫీసుల మేనేజర్లు: జ్వరంతో ఉన్న ఉద్యోగిని డెస్క్ దగ్గరకు పిలవొద్దు. సిక్ లీవ్‌ను లీవ్‌గానే వాడుకోనివ్వండి. డెడ్‌లైన్ భయమే సగం గోలీలు మింగిస్తోంది.

మణికొండ వాసులారా! ఈ ఆదివారం మీ సంఘం మీటింగ్‌లో ఈ కరపత్రం చదివించండి. మీ వీధి మందుల షాపుకు నలుగురు కలిసి వెళ్లి బోర్డు పెట్టమని అడగండి. మీ డాక్టర్‌తో, "అవసరం లేకపోతే రాయకండి, మేం మళ్లీ మీ దగ్గరికే వస్తాం" అని చెప్పండి. ఈ ఒక్క మాట డాక్టర్‌కు ధైర్యమిస్తుంది.

చీటీ లేనిదే యాంటీబయాటిక్ వద్దు!
సర్దికి విశ్రాంతి, జబ్బుకు వైద్యం!
శుభ్రమైన నీరు, సమయానికి టీకా, మన పిల్లలకు రక్షణ!

మీ ఇరుగుపొరుగు,
మణికొండ